మోగని ఫోను

మా ఆయనకి కొత్త ఫోనంటే ఎంత పిచ్చంటే, పెళ్ళైన కొత్తలో నా మొహం కన్నా ముందు నా ఫోను వెనక పడ్డ గీతలు చూసి బాధపడ్డాడు. "కవరు లేకుండా ఇన్నాళ్ళు ఎలా వాడావు?" అన్నాడు. మా సంసారంలో మొదటి గొడవ అదే.

ఇద్దరం ఒకే మొబైల్ షాపులో పనిచేస్తాం. ఆయన అమ్మకం, నేను బిల్లింగు. కొత్త మోడల్ పెట్టె వచ్చిందంటే చాలు, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు బయటికి తీస్తాడు. మడతపెట్టే ఫోను మొదటిసారి వచ్చిన రోజున తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం, ఇదే పని. అన్నం సంగతే మర్చిపోయాడు. అంత మోజున్న మనిషి సొంత ఫోను చూస్తే నవ్వొస్తుంది. నాలుగేళ్ళ నాటిది, ఓ మూల అద్దం పగిలింది. మార్చుకోవచ్చుగా అంటే, "ఆగవే, వచ్చే మోడల్లో బ్యాటరీ ఇంకా బాగుంటుందట" అంటాడు. తీరా అది వచ్చేసరికి దాని తర్వాతది గొప్పదైపోతుంది. "ఏటా ఓ కెమెరా పెంచుతున్నారు గానీ, చేతిలోంచి జారని ఫోను ఒక్కడూ చెయ్యడేం?" అని కంచం ముందు కూర్చుని కంపెనీల వాళ్ళని తిడతాడు, వాళ్ళేదో మా పక్కింట్లో కాపురమున్నట్టు.

నవ్వుకుంటాను గానీ, ఈ పిచ్చి వల్లే ఆయన తండ్రికి దూరమయ్యాడు. మా మామగారు వాచీలు బాగుచేస్తారు. కంటికి భూతద్దం బిగించుకుని ఆవగింజంత స్క్రూలు తిప్పే పని. మా ఆయన కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడు. ఫోన్లొచ్చాక టైము చూడ్డానికి వాచీ ఎవరిక్కావాలి? షాపులో ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఈయన వెళ్ళి ఫోన్ల షాపులో చేరాడు.

"నా పొట్ట కొట్టిన డబ్బాలనే అమ్ముతావట్రా?" అన్నారట మామగారు. ఇక అంతే, తొమ్మిదేళ్ళు మాటల్లేవు. మొదట్లో ఈయన రెండుసార్లు వాచీల షాపుకి ఫోను చేశాడు. గొంతు వినగానే ఆయన పెట్టేశారు. మా పెళ్ళికీ రాలేదు, నా మొహం కూడా చూళ్ళేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. కొడుకు మాత్రం తక్కువ తిన్నాడా? మూడోసారి చెయ్యనే లేదు. అలాగని మనసు ఊరుకుంటుందా! పనేమీ లేకపోయినా ఆ వీధిలోంచి వెళ్ళే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, షాపు తెరిచుందో లేదో చూసి, తర్వాతి స్టాపులో దిగి వెనక్కొచ్చేసేవాడు. నాకు తెలియదనుకునేవాడు, పిచ్చి మారాజు.

పోయిన చలికాలంలో ఓ రోజు పొద్దున్నే మామగారే మా షాపు మెట్లెక్కి వచ్చారు. ఫోటోలో చూసిన మొహం కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. మా ఆయన కౌంటరు వెనక కొయ్యబారిపోయాడు.

"అంకెలు పెద్దగా కనబడే ఫోను కావాలి," అన్నారు మామగారు, గోడ మీది బొమ్మల కేసి చూస్తూ. "చూపు తగ్గింది."

ఇప్పుడైనా 'నాన్నా' అంటాడేమోనని నేను బిల్లింగు ఆపేసి చూస్తున్నాను. అబ్బే! మా మహానుభావుడు గొంతు సవరించుకుని, "ఇదైతే వారం రోజులు చార్జింగు ఉంటుందండీ," అని మొదలెట్టాడు. లైటు, స్పీకరు, కిందపడితే ఏమవుతుంది, నీళ్ళలో పడితే ఏమవుతుంది... ఇరవై నిమిషాలు! తొమ్మిదేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట ఒక్కటీ బయటికి రాలేదు గానీ, బ్యాటరీ పురాణం మాత్రం గడగడా వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే పెద్దాయన మధ్యలో ఆపలేదు. అందులో ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా కదలకుండా, కొడుకు నోటి వంకే చూస్తూ నిలబడ్డారు.

చివరికి ఓ బటన్ల ఫోను తీసుకున్నారు. బిల్లుకి పేరు అడిగితే చెప్పారు. ఇంటిపేరు నాదే. అది టైపు చేస్తూ 'మామయ్యగారూ' అని పిలవబోయాను. మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు.

పెద్దవాళ్ళు ఫోను కొంటే నంబర్లు మేమే ఎక్కించి ఇస్తాం. ఆయన జేబులోంచి చిన్న కాగితం తీశారు. డాక్టరు, ఇంటి ఓనరు, గ్యాసు. మూడే.

"ఇంకెవరివైనా ఉన్నాయాండీ?" అన్నాడు మా ఆయన.

"ఇంకెవరున్నారు?" అన్నారు మామగారు.

మా ఆయన తలొంచుకుని నాలుగోది తనే ఎక్కించాడు. "షాపు నంబరు కూడా పెట్టానండీ. ఏదైనా పాడైతే చెయ్యండి," అని ఫోను చేతిలో పెట్టాడు. అది షాపు నంబరు కాదు, తన సొంతది. అలా ఇవ్వకూడదని మా దగ్గర రూలు. కొన్నవాళ్ళ నంబరు మేం రాసి ఉంచుకోకూడదు కూడా. ఆ రెండో రూలూ గాలికొదిలేశాడు.

ఇక చూడండి నా పాట్లు. స్నానానికి వెళ్తే ఫోను బాత్రూం గుమ్మం దగ్గరే ఉండాలి. చార్జింగు సగానికి తగ్గితే కంగారు. రోజుకి పదిసార్లు ఆ నంబరు తీసి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. కొత్త మోడళ్ళ ఊసే ఎత్తడం మానేశాడు. "మీరే చెయ్యండి, ఏం మునిగిపోతుంది?" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"మళ్ళీ పెట్టేస్తే?" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

నెలన్నర గడిచింది. ఓ ఆదివారం పొద్దున నేను ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఫోను మోగింది. నంబరు చూసి మా ఆయన లేచి నిలబడ్డాడు. కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"షాపేనా?" మామగారి గొంతు. "ఈ ఫోను మోగట్లేదు."

"మోగట్లేదాండీ? సౌండు తగ్గిపోయుంటుంది. మధ్యలో పెద్ద బటను ఉంది చూడండి, దాన్ని పైకి..."

"నొక్కాను."

"సైలెంటులో ఉందేమో. కింద నక్షత్రం గుర్తున్న బటను కాసేపు నొక్కి పట్టుకోండి."

"అదీ చేశాను. పక్కింటావిడ చూసి అంతా బాగానే ఉందంది."

"పోనీ ఓసారి ఆపి, బ్యాటరీ తీసి మళ్ళీ వెయ్యండి."

"తీశాను, వేశాను. తెచ్చిన రోజు నుంచీ బల్ల మీద ఎదురుగానే పెట్టుకుంటున్నాను. నెలన్నరైంది. ఒక్కసారీ మోగలేదు."

"అలా అయితే సాఫ్టువేరు అయ్యుంటుందండీ. షాపుకి తీసుకొస్తే..."

ఓరి దేవుడా! నేను చేతిలో చొక్కా విసిరికొట్టి, ఆ ఫోను లాక్కుని పెట్టేశాను. "బుద్ధుందా అండీ మీకు? ఆ ఫోను నిక్షేపంలా ఉంది! ఎవరో ఒకరు చేస్తేగా మోగడానికి! ఎవరు చేస్తారు ఆయనకి, డాక్టరా, గ్యాసువాడా?"

మా ఆయన కాసేపు నన్ను వెర్రిగా చూశాడు. తర్వాత మంచం మీద కూలబడి, మొహం చేత్తో తుడుచుకుని, ఆ నంబరు నొక్కాడు. ఒక రింగు పూర్తిగా కానేలేదు.

"ఆఁ," అన్నారు మామగారు.

"నాన్నా... నేను."

అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. పెట్టేస్తారు, పెట్టేస్తారు అనుకుంటూ నేను ఈయన భుజం పట్టుకుని నిలబడ్డాను.

"మోగింది," అన్నారు చివరికి. "రేపు కూడా ఓసారి చేసి చూడు. మళ్ళీ మోగుతుందో లేదో."