చుక్కల మీద ఆముదం

పోలియో చుక్కల మందు సూర్యాపేట దవాఖానకు వచ్చిందని తెలిసిన రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. అప్పటికి నా బిడ్డ నాలుగు నెలల పిల్ల. అంతకు ముందటి ఏడే మిర్యాలగూడలో మా ఆడబిడ్డ కూతురు జ్వరంతో పడుకుని, లేచేసరికి ఎడమకాలు ఈడ్చింది. ఆ పిల్లను చూసి వచ్చినప్పటి నుంచి, నీళ్లు పోసిన ప్రతిసారీ నా బిడ్డ రెండు కాళ్లూ తన్నుతోందా లేదా అని చూసుకునేదాన్ని. పూజలో కూర్చున్నా దేవుణ్ణి అడిగేది ఆ రెండు కాళ్లనే.

దవాఖానలోని డాక్టరమ్మ కోదాడ వైపు మనిషి. మంచుగడ్డల ఫ్లాస్కులోంచి సీసా తీసి, బిడ్డ నోట్లో చుక్కలు వేసింది. నేను బడి ముఖం చూడకుండా ఇంట్లో నాయన దగ్గర చదువుకున్నదాన్ని. ఏది కనబడినా అడగాలనిపిస్తుంది. అడిగితే ఆమె విసుక్కోకుండా చెప్పింది. చుక్కల్లో ఉన్నది పోలియో పురుగేనట, కాకపోతే బలం తీసేసినది. అది పేగుల్లో కొన్నాళ్లు పెరుగుతుందట, ఒళ్లు దానితో పోరాడడం నేర్చుకుంటుందట. రేపు అసలు పురుగు వస్తే గుర్తుపట్టి తరిమేస్తుందట.

ఇంత చిన్న ఒంట్లో ఇంత ఏర్పాటు పెట్టిన స్వామికి దారి పొడుగునా దండాలు పెట్టుకుంటూ వచ్చాను. మా ఇల్లు ధాన్యం దుకాణం వెనకే. గడపలోనే అత్తమ్మకు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఆమె పురుగు అన్నంత వరకే విన్నట్టుంది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టేసింది. పిల్లల కడుపులో ఏ చెడు చేరినా మా ఇంట్లో ఆముదమే మందు.

“ఏం భయపడకు. పొద్దుగూకేలోపు పురుగు మొత్తం కడుక్కపోతది,” అంది.

ఆ పురుగు లోపల ఉండాలని, ఉంటేనే ఒళ్లు నేర్చుకుంటుందని మళ్లీ నిదానంగా చెబితే ఆమె ముఖం పాలిపోయింది. మిర్యాలగూడ మనవరాలి కాలు ఆమె కళ్ల ముందూ ఉంది కదా.

“గిట్ల పురుగును కాపాడుకోవాలెనని ముందుగాల చెప్పొద్దా?” అంది. గుక్క తిప్పుకోకుండా చెప్పడం నా తప్పే.

మరునాడు ఇద్దరం దవాఖానకు పరుగెత్తాం. అత్తమ్మే ముందుగా తన పని చెప్పేసింది. డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు.

“కడుక్కుపోయిందో నిలిచిందో చెప్పలేం పెద్దమ్మా. అయినా ఒక్కసారితో వదిలేసే మందు కాదిది, నెల నెలా ఇంకా వేస్తాం. ఒకసారి పట్టకపోతే ఇంకోసారి పడుతుంది. మీరు ఆముదం మాత్రం ఆపండి,” అంది.

ఆ మాట వినగానే నాకు అక్కడే ఎగరాలనిపించింది. తప్పిపోయినదాన్ని మళ్లీ ఇచ్చే దేవుడు ఎంత దయగలవాడు!

తరువాతి నెల బిడ్డను అత్తమ్మే ఎత్తుకుంది. జర గట్టి పురుగును చూసి వెయ్యమని డాక్టరమ్మను బతిమాలింది. చుక్కలు మింగేదాకా బిడ్డ గదుమ వదల్లేదు. రిక్షా ఎక్కాక బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టి మెల్లగా అంది:

“లోపల దానితోని మంచిగ కొట్లాడు బిడ్డా. ఈసారి నేను నడుమ రాను.”