బెర్ట్ గటరిడ్జ్ బిగించిన స్క్రూలు

ఇంగ్లండులోని కోవెంట్రీలో పాత కార్లు బాగుచేసేవాళ్ళలో రోలండ్ టిప్లర్ అంటే కొందరికి గౌరవం, ఎక్కువమందికి బెదురు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో వచ్చిన చిన్న ఎంజీ కార్లంటే ఆయనకు ప్రాణం. రెండు సీట్లు, గుడ్డ టాపు, సైకిలు చక్రాల్లా ఊచలున్న చక్రాలు. పైకి ఇనుపరేకు కనిపిస్తుంది గానీ, రేకు కింద ఒళ్ళంతా కొయ్యే. ఆష్ అనే చెట్టు కలపతో ముందు చట్రం కట్టి, దానిమీద రేకు తొడిగేవాళ్ళు. డెబ్బై ఏళ్ళు దాటితే రేకు తుప్పు పడుతుంది, కొయ్య పుచ్చుతుంది. అప్పుడు బండి రోలండ్ షెడ్డుకు వస్తుంది.

పదహారో ఏట ఆయన కార్ల బాడీలు చేసే కర్మాగారంలో పనిలో చేరాడు. ఊళ్ళో కర్మాగారాలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాక, కాలవ పక్కన ఇటుకల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. "నా ముఖంకంటే బోల్టు తలల్నే ఎక్కువ చూస్తావు నువ్వు" అని వెళ్ళిపోతూ ఆవిడ అన్న మాట రోలండే నవ్వుతూ అందరికీ చెబుతాడు. అందులో అబద్ధం లేదు. ఆ బండి ఇంజనులో బోల్టు తల ఇంగ్లీషు కొలత, కాడ చుట్టూ ఉండే మర మాత్రం ఫ్రెంచి కొలత. తెలియనివాడు దుకాణంలో దొరికింది తెచ్చి బిగిస్తాడు. రోలండ్ బోల్టు తలమీది ముద్ర చూసి, ఇది బండితో పుట్టిందా, తర్వాత దూరిందా, గుక్కతిప్పుకోకుండా చెబుతాడు.

అందుకే ఏటా వేసవిలో పాత ఎంజీల క్లబ్బు వాళ్ళు పెట్టే ప్రదర్శనలో బండ్లకు మార్కులు వేసే పని ఆయనకే అప్పగిస్తారు. టార్చి పట్టుకుని బానెట్ కింద తల దూర్చాడంటే యజమాని ముఖం పాలిపోతుంది. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు మెరిసే ఎర్రబండి తెచ్చాడు. నీటి గొట్టానికి బిగించిన పట్టీలు ఆ కాలంవి కావని రోలండ్ మార్కులు కోసేశాడు. "అవి ఎవరికి కనిపిస్తాయండీ?" అని డాక్టరు వాపోయాడు. "నాకు కనిపించాయి" అన్నాడు రోలండ్.

ఐరిస్ గటరిడ్జ్ ఆయన షెడ్డుకు వచ్చింది ఒక శరత్కాలంలో. బడి వంటగదిలో బతుకంతా పనిచేసి రిటైరైన మనిషి. పొట్టి, గట్టి మనిషి, మాట కూడా గట్టిదే. ఆవిడ వెనకే లారీమీద ఒక ఎంజీ శవం. ఏదో పొలంలో కోళ్ళ గూట్లో దొరికింది. దాచుకున్నదంతా పెట్టి కొన్నదట.

"దీన్నెందుకు కొన్నావమ్మా? ఇంతకంటే మంచివి దొరుకుతాయిగా" అన్నాడు రోలండ్.

ఆవిడ కుడి తలుపు దగ్గరికి నడిచి, చిరిగిన తోలు వెనక్కి లాగింది. సీటు పక్కన తలుపు కీళ్ళు బిగించే నిలువుకొయ్య కనిపించింది. దానిమీద పైనుంచి కిందికి స్క్రూలు. తుప్పు పట్టినా వాటి తలమీది గాడులు తెలుస్తున్నాయి. అన్నీ నిట్టనిలువుగా, కవాతులో సిపాయిల్లా.

"మా నాన్న బెర్ట్" అందావిడ. "నీ కర్మాగారంలోనే, నువ్వు పుట్టకముందు. ఏ స్క్రూ బిగించినా గాడి నిలువుగా ఉండాలి ఆయనకి. మా ఇంట్లో స్విచ్చి పలకలకి కూడా అంతే. తోటి పనివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళట, రేకు కింద ఎవడు చూస్తాడ్రా బెర్టూ అని. ఇన్నేళ్ళూ ప్రతి పాత ఎంజీ తోలు కిందా చూస్తూ వచ్చాను. ఇది దొరికింది."

రోలండ్ వంగి చూశాడు. అలాంటి గాడులు ఆయన కూడా ఎక్కడా చూడలేదు. చేతిపని చూసి మనిషిని పోల్చడం అంటే ఇదీ అనుకున్నాడు. కాస్త అసూయ కూడా పడ్డాడు.

"కొయ్య అడుగున పుచ్చింది. మార్చక తప్పదు" అన్నాడు.

"మార్చు. పాతది మాత్రం నాకివ్వు. మిగతా బండంతా నీ ఇష్టం, ఇది మాత్రం నాది." సంచిలోంచి అల్లిక ఉండ తీసి, ఎర్ర ఊలు ముక్క తెంపి ఆ నిలువుకొయ్యకు ముడేసింది. "మర్చిపోవుగా?"

"ఎర్ర ఊలు కట్టాక కూడానా" అన్నాడు రోలండ్.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పుచ్చిన కొయ్యను ఊడదీసి, స్క్రూలు లాగి డబ్బాలో వేసి, కొయ్యను కొత్త పలకమీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీస్తారు. గీత దిగాక పాతదానితో పనుండదు. అది పొయ్యిలోకి పోతుంది. నూనె పీపా కోసి చేసిన పొయ్యి అది. ఆష్ కలప భలే మండుతుంది. చలికాలమంతా షెడ్డులో టీ దానిమీదే.

జనవరిలో ఒక ఉదయం కాలవ గడ్డకట్టింది. పక్క షెడ్డులో రేకులు అతికే బల్బీర్ సోహల్ చేతులు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కోవెంట్రీ ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఓడింది. గోల్‌కీపర్‌ని తీసేయాలని బల్బీర్, కోచ్‌ని తీసేయాలని రోలండ్. వాదిస్తూనే రోలండ్ అలవాటుగా స్క్రూలు లాగి డబ్బాలో వేసి, నిలువుకొయ్యను పలకమీద పెట్టాడు. పెన్సిలుకు ఊలు అడ్డం తగిలింది. విప్పి పక్కనున్న మేకుకు తగిలించాడు. గీత గీశాడు. కోచ్ గురించి ఇంకో మాట అన్నాడు. కొయ్యను పొయ్యిలో పెట్టాడు.

మధ్యాహ్నం రొట్టె తింటూ తలెత్తితే మేకుకు ఎర్ర ఊలు వేలాడుతోంది.

ఆయన లేచి పొయ్యి తలుపు తీశాడు. లోపల బూడిద. చేత్తో కెలికాడు. వేళ్ళు కాలాయిగానీ ఏమీ తగల్లేదు.

తెలియక చేసుంటే వేరు. చెప్పింది, ముడివేసింది, మర్చిపోవుగా అని అడిగింది కూడా. ముడి విప్పింది తన చేతులే. ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు. రేపు అనుకున్నాడు. శుక్రవారం ఆవిడే రొట్టె పుడ్డింగు చేసి పట్టుకొచ్చింది.

"నా కొయ్య ఊడదీశావా?"

"తీశాను. జాగ్రత్తగా ఉంది" అన్నాడు. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "తుడిచి ఇస్తాను. వచ్చేవారం."

పుడ్డింగులో సగం బల్బీర్‌కు ఇచ్చేశాడు.

అటకమీద ఇంకో ఎంజీ నిలువుకొయ్య ఉంది. అదే ఏడాదిది, ఎవరో బాగుచేయించడం మానేసి వదిలేసిన బండిది. అసలైన కర్మాగారపు సరుకే, కాకపోతే ఎవరో వేరేవాడు బిగించింది. స్క్రూల గాడులు తలోదిక్కు చూస్తున్నాయి. రోలండ్ దాన్ని బల్లమీద పెట్టి ఒక్కొక్క స్క్రూనే నిలువుకు తిప్పాడు. తిప్పిన చోటల్లా పాత తుప్పు వలయం పగిలి కొత్త ఇనుము మెరిసింది. ఉప్పునీళ్ళు అద్దాడు. టీ డికాక్షన్ పూశాడు. నకిలీని ఎలా పట్టుకోవాలో తెలిసినవాడికి నకిలీ ఎలా చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

బల్బీర్ గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"ఏంట్రా ఇది?"

"పనిలేక."

"మేకుకున్న ఆ ఎర్ర ఊలు చూస్తే అలా లేదే." బల్బీర్ దగ్గరికొచ్చి డికాక్షన్ వాసన చూశాడు. "ఇదే ఆ పళ్ళ డాక్టరు చేస్తే ఎన్ని మార్కులు కోస్తావురా?"

రోలండ్ ఇంకో స్క్రూకు డికాక్షన్ అద్దాడు.

"ఆవిడ పుడ్డింగు నేనూ తిన్నాను. నన్నడిగితే అబద్ధం ఆడను. అడక్కపోతే చెప్పను. అంతే నావల్ల అయ్యేది" అని బల్బీర్ వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఐరిస్ కొయ్యను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బొటనవేలితో ఒక్కొక్క గాడినీ పైనుంచి కిందికి తడిమింది. ఏడవలేదు. "నాన్నే" అంది, అంతే. కొయ్య అడుగు చూసి కనుబొమలు ముడిచింది.

"పుచ్చిందన్నావు?"

"పైపైనే. గోకితే పోయింది." ఇది రెండో అబద్ధం.

ఆవిడ ముఖం విప్పారింది. "అయితే దీన్నే బండిలో పెట్టెయ్, రోలండ్. నా అలమరలో ఎందుకు? ఎక్కడిది అక్కడే ఉంటుంది. నేను నడుపుతుంటే నా భుజం పక్కనే ఉంటాడు. వేసవిలో మీ క్లబ్బు పుస్తకంలో కూడా రాయి, నిలువుకొయ్య అసలుదేనని. నువ్వు రాస్తే ఇంకెవరూ నోరెత్తరు."

రోలండ్ తలూపాడు.

ఆ కొయ్య బండిలో సరిగ్గా కూర్చుంది. అదే ఏడాదిది కాబట్టి కీళ్ళ రంధ్రాలు కూడా కలిశాయి. దానిమీద తోలు వేసి మేకులు కొడితే పని అయిపోతుంది. మళ్ళీ ఎవరూ చూడరు. రోలండ్ తోలు పట్టుకుని సుత్తి తీసుకుంటాడు, పెట్టేస్తాడు. ఇంజను పని చూస్తాడు, దీపాల పని చూస్తాడు, తలుపు దగ్గరికి వచ్చి మళ్ళీ ఆగిపోతాడు. ఆవిడ ప్రతి మలుపులోనూ ఎవడో ముక్కూమొహం తెలియనివాడి పనికి భుజం ఆనించి, నాన్నా అనుకుంటుంది. అలా అనుకునేలా క్లబ్బు పుస్తకంలో పడే సంతకం తనది. ఇన్నేళ్ళూ ఊరంతా నమ్మింది ఆ సంతకాన్నే.

చివరికి ఒక ఉదయం కొయ్యను మళ్ళీ ఊడదీసి, చంకలో పెట్టుకుని, టైల్ హిల్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వంటగదిలో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. గోడమీద స్విచ్చి పలక, దాని రెండు స్క్రూలూ నిలువుగా ఉన్నాయి. రోలండ్ వాటివైపు చూడకుండా, కూర్చోకుండానే చెప్పాడు. ఊలు విప్పడం, ఫుట్‌బాల్ గొడవ, పొయ్యి, డికాక్షన్, అన్నీ.

ఆవిడ చేతిలోని దుంప తొక్క తీయడం పూర్తిచేసింది. నీళ్ళలో వేసింది.

"బాగా మండిందా?"

"మండింది."

"ఏం కాచారు దానిమీద?"

"టీ."

"ఎవరు తాగారు?"

"నేనూ, బల్బీరూ."

"చక్కెర వేసుకున్నారా?"

"వేసుకున్నాం."

ఆవిడ ఇంకో దుంప తీసుకుంది. "నన్ను అడిగారా మీరు, మిస్టర్ టిప్లర్? కాలిపోయింది ఐరిస్, ఏం చేయను అని ఒక్క మాట? ఆ రోజే చెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ కొయ్యని ఎన్నిసార్లు తడిమానో తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది."

అంతవరకూ రోలండ్ అని, నువ్వు అని పిలిచేది. ఆ తేడా ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

"బండి వేరేవాళ్ళ దగ్గరికి పంపిస్తాను. నేనే చూసి పెడతాను" అన్నాడు.

"పాడుచేసి పారిపోతారా? పూర్తిచేయండి." చేతిలోని దుంప కూడా నీళ్ళలో వేసి అడిగింది. "మరి స్క్రూలు?"

"ఏ స్క్రూలు?"

"కొయ్య కాలింది. స్క్రూలు కాలవుగా."

"ముందే తీసి డబ్బాలో వేశాను. కానీ ఆ డబ్బాలో ఎన్నో బండ్లవి ఉన్నాయి. అన్నీ ఒకే కాలంవి, ఒకే కొలత. ఏవి మీ నాన్నవో…" ఆయన ఆగాడు. బోల్టు తల చూసి దాని పుట్టుక చెప్పే మనిషి. "నేను చెప్పలేను."

"మీరు చెప్పినా నమ్మను ఇప్పుడు" అందావిడ.

తర్వాతి శుక్రవారం వచ్చింది, పుడ్డింగు లేకుండా. అటకమీంచి తీసిన కొయ్యను మళ్ళీ అటకమీదే పెట్టించింది. కొత్త ఆష్ నిలువుకొయ్య బండిలో అమర్చి ఉంది, తెల్లగా. స్క్రూల రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఆవిడ సంచిలోంచి పిడి అరిగిపోయిన పాత స్క్రూడ్రైవర్ తీసింది. ఎవరిదో చెప్పలేదు. బండి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"డబ్బా."

రోలండ్ తెచ్చి పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళతో వెతక్కుండానే ఒక స్క్రూ తీసి, కొవ్వొత్తి మైనం రాసి, రంధ్రంలో పెట్టి తిప్పసాగింది. మణికట్టు తిరిగే తీరు చూస్తే చిన్నప్పుడు ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినట్టుంది. స్క్రూ బిగిసింది. గాడి కాస్త ఏటవాలుగా ఆగింది.

"ఇంకా కొంచెం తిప్పితే నిలువవుతుంది. కానీ కొయ్య చీలుతుంది. వెనక్కి తిప్పితే వదులవుతుంది. మీరైతే ఏం చేస్తారు?"

"ఇలాగే వదిలేస్తాను" అన్నాడు రోలండ్. "బిగువే ముఖ్యం. గాడి ఎటుంటే ఏం."

"మా నాన్న తీసేసి ఇంకోటి వేసేవాడు. మర మొదలయ్యే చోటు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. సరిగ్గా నిలిచేది దొరికేదాకా వేసి తీసేవాడు."

కర్మాగారంలో గంటకు ఇన్ని బాడీలని లెక్క ఉండేది. ఆ పని తెలిసినవాడు కాబట్టి, అలా చేయడానికి ఎంత మొండితనం కావాలో రోలండ్‌కు అర్థమైంది. తను పొయ్యిలో పెట్టిందేమిటో కూడా అప్పుడే పూర్తిగా అర్థమైంది.

ఆవిడ ఆ స్క్రూను వెనక్కి తిప్పి తీసి, డబ్బాలో వేయకుండా పక్కన పెట్టింది. చేయి చాచింది. బల్బీర్ గుమ్మంలోకి వచ్చి, ఇద్దర్నీ చూసి, చప్పుడు చేయకుండా పొయ్యిమీద కెటిల్ పెట్టాడు. ఐరిస్ అటు చూడలేదు.

రెండోది కూడా నిలవలేదు. మూడోది అడ్డంగా ఆగింది. రోలండ్ చేతులు లాగుతున్నాయి. డబ్బా కింద పెట్టమని ఆవిడ అనలేదు, ఆయన పెట్టలేదు.