మిరప కోతకు దీవెన

పత్తికొండ చుట్టుపక్కల ఊళ్లలో పత్తి తీత ముగిశాక జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఇళ్లకు తాళాలు వేసి, గిన్నెలు, బియ్యం మూటలతో గుంటూరు వైపు మిరప కోతకు. కృపమణి పెళ్లికి ముందు నుంచీ పోతోంది. ఈసారి తొమ్మిదో తరగతి చదివే కూతురు దీవెననూ తీసుకుపోవాలి.

బయలుదేరే ముందు ఆమె బడికి వెళ్లింది. ఆడపిల్లలకు సర్కారు పంపే ప్యాడ్లను వాసవి టీచర్ నెలనెలా పంచుతుంది.

"మేడమ్, మేం తిరిగొచ్చేదాకా పాపకు సరిపోయేటివి ఇప్పుడే ఇయ్యండి."

"బడికొచ్చే పిల్లలకే ఇయ్యాల కృపమణీ. పాపను ఈడ్నే వదిలి పోరాదా?"

"యాడ వదలల్ల? పోయినేడు మాదిరి హాస్టలు తెరిచింటే వదిలే పోతాంటి."

వలస పోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే హాస్టలు ఈ ఏడు ఇంకా తెరవలేదు. టీచర్ బీరువా తీసి ఒక ప్యాకెట్ ఇచ్చింది.

"ఈ నెలది. ఇంగ నా చేతిలో లేదు."

ఆ ప్యాకెట్ మొదటి నెలకే అయిపోయింది. ఇంకోటి కొందామంటే కూలి డబ్బులు చేతికొచ్చేది కోతంతా అయ్యాకే. రెండో నెల, మిరప చేల పక్కన వేసుకున్న గుడిసెలో కృపమణి కూతురి కోసం మెత్తటి పాత చీర చింపుతుంటే పక్క గుడిసె విశ్వాసమ్మ నవ్వింది.

"ఏమ్మే, దొరసానికి పట్టుగుడ్డ కావాల్నా? మనం బతకలేదా?"

"బతికినాం. మంటకు రాత్రిళ్లు కూకోని ఏడిసింది మర్చిపోయినావా?"

పగలంతా మిరప కోసిన చేతుల ఘాటు సబ్బుకు పోదు. ఆ చేత్తో ఉతికిన గుడ్డ కడితే ఒళ్లు మండిపోతుంది. అందుకే కృపమణి గుడ్డలను చేత్తో ముట్టకుండా నీళ్లలో ఉడకబెట్టి, కట్టెతోనే తీసి ఆరేసింది.

మర్నాడు చేలో దీవెన కోత ఆపి కూలబడింది. పెదవి కొరుక్కుంటోంది.

"ఏమాయ పాపా?"

"మండుతాండాదిమా. చేతులు కడుక్కోనే గుడ్డ మడిచినా."

దూరం నుంచి మేస్త్రీ అరిచాడు. "ఆ పాప ఏందప్పా, కూకోనుండాది? సాలు వెనకబడతాండాది!"

"నువ్వు లేయొద్దు," అని కృపమణి కూతురి ఒడిలోని కాయలు తన ఒడిలోకి వంచుకుంది. తన సాలుకూ కూతురి సాలుకూ మధ్య నిలబడి, అటొక చెట్టు ఇటొక చెట్టు కోస్తూ ముందుకు నడిచింది.