సంఘం బియ్యం

మా ఇంట్లో పొయ్యి పక్కన మూతి పగిలిన చిన్న మట్టికుండ ఒకటి ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ అవ్వ, అంటే మా అమ్మ, పిడికెడు గింజలు తీసి అందులో వేసేది. ఆదివారం అవి గుడికి పోయేవి. గుడి అంటే మా గూడెం చివర నాలుగు మట్టిగోడలు, పైన తాటికమ్మలు. అక్కడ ఏసు ప్రార్థనకు కూడే మా అందరినీ కలిపి సంఘం అనేవారు. నాయిన సంఘ పెద్ద. కుండలోవి సంఘం బియ్యం. జొన్నలు వేసినా, నూకలు వేసినా వాటి పేరు అదే.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు ఊళ్లోకి ఇంకో సంఘం వచ్చింది. పాలకుర్తి వైపు నుంచి వచ్చిన మనుషులు ఇక ఎవరూ దొరకు వెట్టి చేయొద్దన్నారు. దొర పట్నం పారిపోయాడు. ఒక పొద్దున గడి, అంటే కోటలాంటి అతని ఇంటి, తలుపులు పగలగొట్టి, గుమ్ముల్లో నిలవున్న వడ్లు ఊరికి పంచారు. మాకు రెండు గంపలు వచ్చాయి. దంచితే సన్నటి బియ్యం. ఆ వడ్లు పండిన మడి దున్నింది నాయిన, నాటు వేసింది అవ్వ. కానీ ఆ బియ్యం మా పొయ్యి మీదికి రావడం అదే మొదలు.

ఎసరు మరుగుతుంటే అవ్వ అలవాటుగా పిడికెడు తీసింది. నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవి కుండల ఏయకు."

"ఎందుకు?"

"తలుపు పలగ్గొట్టి తెచ్చినయి. ఆకలికి తింటున్నం, దేవునికి ఎరుకే. ఆయన ముందర మాత్రం పెట్టొద్దు."

"మన కడుపులకు పోతె పాపం లేదు గని, కుండల పడితె పాపమా? మంచిగనే ఉన్నది నీ ఉపదేశం," అంది అవ్వ. "నాటేసి ఇరిగిన నడుము నాదా, దొరదా?"

"నడుము నీదే. నేను కాదంటలేను."

నాయిన నవ్వాడు గానీ చెయ్యి తీయలేదు. అవ్వ ఆ పిడికెడు ఎసట్లో వేసి, మూలన ఉన్న పాత నూకలు తెచ్చి కుండలో వేసింది.

నాకది సరిగా అనిపించలేదు. జనగామ నుంచి వచ్చే పాస్టరు అయ్యగారు మా పిల్లలకు బైబిల్లోని మొదటి అన్నదమ్ముల కథ చెప్పారు. తమ్ముడు మందలో మంచివి ఏరి దేవునికి తెచ్చాడు, దేవుడు అతని కానుకనే అంగీకరించాడు. మేమేమో సన్నబియ్యం తిని దేవునికి నూకలు పెడుతున్నాం. నాకు భయం వేసింది. అవ్వ నీళ్లకు పోయినప్పుడల్లా ఒక పిడికెడు సన్నబియ్యం కుండలో వేసి, పైన నూకలు కప్పేదాన్ని. అప్పటికి గొడవలతో దారులు భద్రంగా లేక అయ్యగారు రావడం మానేశారు. ఆదివారాలు ఆగిపోయాయి. కుండ నిండుతూ వచ్చింది.

కొన్ని నెలలకు ఆ కొత్త సంఘం వాళ్లను పట్టుకోవడానికి సిపాయిలు వచ్చారు. వాళ్ల వెనకే దొర గుమాస్తా వచ్చాడు. గడి గింజలు దొరికిన ఇంటి మగవాణ్ని జనగామ క్యాంపుకు తీసుకుపోతారని ముందు రోజే తెలిసింది. కొందరు పెంటకుప్పల్లో పూడ్చారు.

"మనింట్ల ఏమున్నది పూడ్వనీకె? ఎలుకలు గూడ అలిగిపోయినయి," అంది అవ్వ.

కుండ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. చెబితే దేవునికిచ్చింది వెనక్కి తీసుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

గుమాస్తా, ఇద్దరు సిపాయిలు మా ఇంట్లో మూలలన్నీ వెతికారు. పోబోతూ గుమాస్తా కుండను బోర్లించాడు. ముందు నూకలు పడ్డాయి, వాటి మీద సన్నబియ్యం. అవ్వ నాయిన వైపు చూసింది. నాయిన అవ్వ వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

గుమాస్తా నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "గివి ఎవ్వలియి బిడ్డా?" మెత్తగానే అడిగాడు.

అబద్ధమాడకూడదని నాకు నేర్పారు. "సంఘం బియ్యం," అన్నాను.

సిపాయిలకు తెలుగు రాదు. ఆ ఒక్క మాట వచ్చు. ఇద్దరూ తుపాకులు సర్దుకున్నారు.

"గుడి సంఘం అయ్యా," అంది అవ్వ. "దేవునికి తీసిపెట్టినయి. అది పిల్ల, దానికేం ఎరుక."

"మీ గూడెంల దేవుడు సన్నబియ్యం తింటున్నడా? దొర కంటె పెద్ద నోరే ఉన్నది ఆయనకు."

గుమాస్తా లేచి, గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన గ్రంథం తెచ్చి నాయిన ముందు పట్టాడు. "నువ్వు గుడి పెద్దవని నాకెర్కనే. దీని మీద చెయ్యేసి చెప్పు, గివి దొర గింజలు గావని. ఇడ్సిపెట్టి పోతం."

నిజంగానే వదిలేసేవాడనుకుంటాను. ఆ కాసిని బియ్యానికి ఒక మనిషిని అంతదూరం నడిపించడం అతనికీ విసుగే.

"చెప్పు," అంది అవ్వ. "చెప్పరాదు. పిల్ల ఉన్నది."

నాయిన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "గడి గుమ్మిలకెంచే వచ్చినయి," అన్నాడు.

"ఎవ్వలిచ్చిండ్రు?"

నాయిన తల అడ్డంగా ఊపాడు. సిపాయిలు ఆయన్ని బయటికి తోశారు. గుమాస్తా నేల మీది బియ్యం నూకలతో సహా తువ్వాలలోకి ఎత్తి మూటగట్టాడు. ధాన్యపు కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టించుకోవాలనుకున్న ధనవంతుని ఉపమానం ఆ తర్వాత ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ నాకు కనిపించేది ఆ తువ్వాల మూటే.

నాయిన తిరిగి వచ్చేసరికి కోతలు అయిపోయాయి. కుడిచేతి వేళ్లు వంగేవి కావు. ఏం చేశారో ఆయన చెప్పలేదు. ఎవరి పేరూ బయటపెట్టలేదని మాత్రం ఊరు చెప్పుకుంది.

"నాయినా, గవి నేనే ఏసిన," అన్నాను.

"తెల్సు."

"మంచియి దేవునికియ్యాలని అయ్యగారు చెప్పిండ్రు."

"మంచియే ఇచ్చినవు." వంగని వేళ్లను ఎడమచేత్తో రుద్దుకున్నాడు. "మీ అవ్వను ఏయనియ్యకపోతిని. అబద్ధం గూడ ఆడకపోతిని. రెండిట్ల తప్పేదో నాకింక తెలుస్తలేదు బిడ్డా."

నాగలి పట్టలేని మనిషికి ఎవరూ పని ఇవ్వలేదు. అవ్వా నేనూ తిరిగి వచ్చిన దొర గడికే వడ్లు దంచడానికి పోయాం. "నీ నిజం ఎవ్వలకు కూడు పెట్టింది?" అని అవ్వ ఒక్కసారే అడిగింది. తర్వాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

విశ్వాసముంటే దేవుడు ఇళ్లూ వాహనాలూ ఇస్తాడని ఈ రోజుల్లో మైకుల్లో చెబుతున్నారు. నేనూ విశ్వాసినే, ఒక్కరోజు కూడా ఆయన్ని విడవలేదు. ఆ మాట వినబడితే మాత్రం లేచి బయటికొస్తాను. మా నాయినకు ఏమిచ్చాడో నేను చూశాను.

అయ్యగారు మళ్లీ రావడం మొదలుపెట్టిన వారం, నాయిన కుండ కడిగి పొయ్యి పక్కన పెట్టాడు. గింజలు తనే వేస్తానన్నాడు. దేవునికి ఎడమచేత్తో ఇవ్వకూడదు. కుడిచేతిని జొన్నల్లో పెట్టి ఎత్తాడు. పిడికిలి పట్టలేదు. కుండ దాకా వచ్చేసరికి సగం నేల మీద పడ్డాయి.

అవ్వ వంగి వాటిని ఒక్కొక్కటే ఏరింది. కుండలో వేస్తుందనుకున్నాను. ఎసట్లో వేసింది. నాయిన చూశాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు.