ఎవరూ తొక్కని చోటు

ఈ ఉదయం చెత్తడబ్బా రోడ్డు పక్కకి లాగుతూ చూశాను, మేపుల్ చెట్టు కింద మూలన గడ్డి మొలిచింది. మంచు పోయి ఇంకా నెల కాలేదు. కెనడాలో, ఈ ఏజాక్స్‌లో, మా వీధి లాన్లన్నీ తడిసిన గోనెసంచుల రంగులో పడి ఉన్నాయి. ఆ మూల మాత్రం లేతపచ్చగా, అసలేమీ జరగనట్టు ఉంది. ఎన్ని సెప్టెంబర్లు అక్కడ మట్టి గుల్ల చేసి విత్తనాలు చల్లానో, ఒక్కటీ నిలవలేదు. నేను బతిమాలినప్పుడు రానిది ఇప్పుడెందుకు వచ్చిందని గడ్డి మీద కూడా కోపం వచ్చింది.

ఈ ఇల్లు కొన్న కొత్తలో లాన్ సంగతి నాకేమీ తెలియదు. పాడు చేసుకుంటూ నేర్చుకున్నాను. చలిదేశపు గడ్డి మన గరికలాంటిది కాదు, మహా అలక మనిషి. జులై ఎండకి నిద్రపోతుంది, సెప్టెంబరు చల్లబడితే లేస్తుంది. మరీ పొట్టిగా కోస్తే వేళ్ళు ఎండిపోతాయి. మంచు కరిగి నేల మెత్తగా ఉన్నప్పుడు దానిమీద నడిస్తే మట్టి బిగుసుకుపోయి ఆ ఏడంతా సాధిస్తుంది. అందుకని మా ఇంట్లో ఒక నియమం పెట్టాను, లాన్ తొక్కకూడదు. ఉత్తరాలు వేసే మనిషి దగ్గర్నుంచి మా అమ్మాయి స్నేహితుల దాకా అందరికీ చెప్పాను. "ఆ గడ్డిని చూసినట్టు నన్ను ఒక్కరోజు చూడండి" అంది మా ఆవిడ. అదీ గుర్తుంది.

అలాంటి ఒక వేసవిలో విన్నిపెగ్ నుంచి మా వదిన వచ్చింది. అన్నయ్యకి సెలవు దొరక్క, రెండు నెలలుందామని ఒక్కతే వచ్చింది. అప్పటికి చిన్నదైన మా అమ్మాయికి పెద్దమ్మంటే ప్రాణం. వదిన వంట ఘాటు, మాట అంతకన్నా ఘాటు. వచ్చిన వారానికే, మా ఇంట్లో పదిమంది భోజనాలు చేస్తుండగా కిటికీలోంచి చూసి, "ఏమయ్యా మరిదీ, పశువు లేని ఇంట్లో ఇంత గడ్డెందుకు? కోసేదీ నువ్వే, పారేసేదీ నువ్వే. పోనీ, తినేదీ నువ్వేనా?" అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈ రోజుకీ వరసగా చెప్పగలను. మొదటి పేరు మా ఆవిడది.

కొన్నాళ్ళకి పక్కింటి ముసలాయన కుక్కతో నడుస్తూ మా ఇంటి ముందు ఆగి, "బ్యూటిఫుల్! లైక్ ఎ కార్పెట్!" అన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ నెలలోనే మేపుల్ కింద పళ్ళెమంత మేర గడ్డి మాడిపోయింది. పురుగేమోనని తవ్వి చూశాను. ఒక ఎండుమిరపకాయ దొరికితే ఉడత పని అనుకున్నాను. చివరికి కుక్క ఉచ్చేనని తేల్చుకుని, ముసలాయన ఇంటికి వెళ్ళి నాలుగు మాటలు అనేసి వచ్చాను. ఆయన మళ్ళీ మా ఇంటి ముందు ఆగలేదు.

"ఇట్స్ నాట్ ద డాగ్, డాడ్. పెద్దమ్మ సాల్ట్ వేస్తోంది, ఎవ్రీ సండే" అంది మా అమ్మాయి.

అడిగితే వదిన ఏమీ దాచలేదు. "అవునయ్యా. పక్కింటాయన అలా కళ్ళార్పకుండా చూసి వెళ్ళాడా, మర్నాడే నీకు నడుం పట్టేసింది. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం నువ్వు సోఫాలో కునుకు తీస్తుంటే రాళ్ళుప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీస్తున్నాను. నిప్పుల్లో వేద్దామంటే మీ స్మోక్ అలారం ఊరంతా లేపుతుంది. ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. ఈ ఊళ్ళో ఎవరూ తొక్కని చోటు నీ లాన్ తప్ప ఇంకెక్కడుంది చెప్పు?"

వంటింట్లో మా ఆవిడ కిసుక్కుమంది. నేను నవ్వలేదు. "ఇలాంటివన్నీ విన్నిపెగ్‌లో పెట్టుకోండి వదినా, నా ఇంట్లో వద్దు" అన్నాను.

"నీ ఇల్లు. సరే" అంది వదిన. ఆ వారమే విమానం ఎక్కేసింది. అన్నయ్య ఫోన్ చేసి, "దిష్టి తీసింది నీకురా, గడ్డికి కాదు" అన్నాడు. పదిమందిలో నన్ను పశువుని చేసినందుకు ముందు ఆవిణ్ణి సారీ చెప్పమన్నాను. అప్పట్నుంచి మా అన్నదమ్ముల మధ్య పండగ మెసేజీలే మిగిలాయి.

జూన్‌లో మా అమ్మాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్. తరవాత చదువుకి హాలిఫాక్స్ వెళ్ళిపోతుంది. పెద్దమ్మ రాకపోతే పార్టీయే వద్దని కూర్చుంది. నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. "నువ్వు ఒక్క మాట పిలువు, వస్తుంది. పిలవకపోతే నేనూ రాను. ఇక అడగను కూడా" అన్నాడు. "ముందు ఆవిడ..." అని నేను మొదలుపెట్టేసరికి ఫోన్ పెట్టేశాడు. మా ఆవిడ కాఫీ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

ఉప్పు పడిన నేల బాగుపడాలంటే నీళ్ళు బాగా ఇంకి, ఉప్పుని లోతుకి దించాలంటారు. నేను పైపుతో పోసినవి చాలలేదు. ఇన్ని చలికాలాల మంచు కరిగి కరిగి ఆ పని చేసింది. చెప్పులతోనే వెళ్ళి ఆ మూల నిలబడ్డాను. కాళ్ళ కింద లేతగడ్డి నలుగుతోందని తెలుస్తూనే ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకుని వదిన నంబరు దాకా వెళ్ళాను. తినేదీ నువ్వేనా అట! మళ్ళీ జేబులో పెట్టేశాను.

వదిన వెళ్ళింది మొదలు అన్నయ్య మా గుమ్మం తొక్కలేదు. ఎవరూ తొక్కని చోటు కోసం ఇప్పుడు లాన్ దాకా వెళ్ళక్కర్లేదు. నేలలో ఉప్పుని కడిగిపెట్టిన కాలమే, మనుషులు తొక్కని గుమ్మంలో గడ్డి కూడా మొలిపిస్తుంది.