మా మేస్త్రీకి కోటు తొడిగారు

షట్టరింగ్ మేస్త్రీ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఎవరి పెళ్లికో దిష్‌దాషా కుడుతున్నాను. ఒమాన్‌లోని ఈ ఇబ్రాలో నాకున్న పని అదే, ఇక్కడి మగవాళ్లు వేసుకునే ఆ పొడుగు తెల్ల అంగీలు కుట్టడం. మేస్త్రీ రూమ్‌లో ఉండే కార్పెంటర్ ఫోన్ చేశాడు.

"టైలరన్నా, మేస్త్రీ పొద్దుగాల లేవలే. డ్యూటీ బస్సు హారన్ కొట్టినా లేవలే. పోయి ముట్టుకుంటే సల్లగున్నడు."

గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడట. జగిత్యాల దిక్కు పల్లె నుంచి వచ్చి, ఈ ఊళ్లో ఎన్నో ఇళ్ల స్లాబుల కింద చెక్కలు కొట్టిన మనిషి నిద్రలోనే వెళ్లిపోయాడు. నేను మిషన్ ఆపేశాను. పెళ్లివాళ్లు వచ్చి తిట్టి పోయారు, అదీ విన్నాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మేస్త్రీ గురించి మంచి రాయడానికి నాకేం కష్టం లేదు. ఆయన పోయాక మావాళ్లు చేసిన పని గురించి మాత్రం మంచిగా రాయడం నా వల్ల కాదు.

ముందు మనిషి ఎలాంటివాడో చెప్తాను. మేస్త్రీ సిద్ధాంతం ఒక్కటే. ఒక్కో కాలానికి ఒక పాట ఉండాలి, ఆ పాటకు తగిన అంగీ ఒంటి మీద ఉండాలి. కాలమంటే ఒమాన్ కాలం కాదు, ఊరి కాలం. ఇక్కడ జులైలో గాలి ముఖం మీద పొయ్యి సెగలా కొడుతుంది, మధ్యాహ్నం సైట్లన్నీ ఆపేస్తారు. సరిగ్గా అప్పుడే ఆయన నా షాపుకు వచ్చి, ఏసీ కిందికి స్టూలు లాక్కుని, నాట్ల పాట ఎత్తుకునేవాడు.

"తమ్మీ, ఊళ్లె ముసురు వట్టింది. గీ సీజన్‌కు గిదే పాట. ఇగ అంగీ సంగతి సూడు."

దసరా ముందు బతుకమ్మ పాటలు. ఆడవాళ్ల పాటలు నీకెందుకయ్యా అని కూలీలుండే క్యాంపులో నవ్వితే, "ఇక్కడ ఆడోళ్లు లేరు గద, మరి ఎవలు పాడాలె?" అనేవాడు. కాముని పున్నమికి, అంటే హోలీకి, జాజిరి పాటలు. చలికాలంలో భజనలు, అదీ ఇక్కడ చలి లేకపోయినా ముఖానికి మఫ్లర్ చుట్టుకుని. గొంతు గొప్పదేం కాదు. పై స్థాయికి వెళ్తే చీలిపోయేది. దగ్గి, మంచినీళ్లు తాగి, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టేవాడు. పాట మధ్యలో గుండీ ఊడితే మాత్రం పాట ఆపేసి, కుట్టేదాకా నా వెంట పడేవాడు.

ఆ అంగీలున్నాయే, అవి నాకు తలనొప్పి. ఎక్కడెక్కడి గుడ్డలో పట్టుకొచ్చేవాడు. ఏదో విల్లాలో మరమ్మతుకు పోతే వాళ్లు పారేసే పచ్చటి కర్టెన్ తెచ్చి, నాట్ల పాటకు అంగీ కుట్టమన్నాడు. చిరిగిపోయిన సేఫ్టీ జాకెట్ల మీది మెరిసే పట్టీలు కత్తిరించి తెచ్చి, జాజిరికి వేసుకునే లాల్చీ అంచుకు వేయించుకున్నాడు. కారు లైటు పడితే మోకాళ్ల దగ్గర ధగధగ మెరిసేవాడు. దిష్‌దాషా మెడకు వేలాడే కుచ్చు ఉంటుంది, ఇక్కడివాళ్లు దాన్ని అత్తరులో ముంచుతారు. అలాంటి కుచ్చు ఒకటి నీలం అంగీకి పెట్టించుకుని, దాన్ని జండూబామ్ వాసనతో నింపేవాడు. "నాకు గదే అత్తరు" అనేవాడు.

ఒకసారి నేను విసుక్కున్నాను. "ఎందుకు మేస్త్రీ గీ ఏశాలు? సక్కగ ఒక తెల్లంగి ఏస్కోరాదు?"

"పొద్దంత సిమెంటు రంగు సూసుడే నాయె తమ్మీ. కండ్లు గూడ డ్యూటీ చేస్తున్నయి గద. వాటికి కూలి ఇయ్యద్దా?"

కత్తెర తీసుకున్నాను.

ఇబ్రాలో బుధవారం పొద్దున ఆడవాళ్ల సంత జరుగుతుంది. అమ్మేదీ కొనేదీ ఆడవాళ్లే, మగవాళ్లు లోపలికి పోకూడదు. అక్కడ దొరికే జరీ పట్టీల మీద మేస్త్రీకి కన్ను పడింది. ఎవరింటి గోడ బాగుచేశాడో ఆ ఇంటి ముసలమ్మను బతిమాలి, ఆమె లోపలికి పోయి వచ్చేదాకా బయట ఎండలో నిలబడి, ఊదారంగు జరీ పట్టీలు రెండు సంపాదించాడు. తెచ్చి నా ముందు పరిచాడు. చేతులకు కఫ్ కుట్టమన్నాడు. కుట్టాను. ఆ అంగీ వేసుకుని మురిసిపోతూ ముసలమ్మకు చూపించడానికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. ఆమె చూసి గోడకు ఆనుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"యే పావ్ కా హై! హాథ్ కా నహీ!" అంది వచ్చీరాని హిందీలో, ఇవి కాళ్లవి, చేతులవి కావని. ఆడవాళ్ల పాయిజామాకు చీలమండల దగ్గర వేసుకునే పట్టీలట అవి.

నేనైతే సిగ్గుతో చచ్చేవాణ్ని. మేస్త్రీ తన చేతులు చూసుకుని, తాపీగా, "హాథ్ భీ పావ్ జైసా కామ్ కర్తా హై అమ్మా" అన్నాడు, చేతులూ కాళ్లలాగే కష్టపడుతున్నాయి కదా అని. ఆమె నవ్వు ఆపి, లోపలికి వెళ్లి ఖర్జూరాలు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత ఆయన కోసం సంతలో పట్టీలు ఏరిపెట్టేది ఆమే.

ఇక రోత సంగతికి వస్తాను. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక సంఘం ఉంది, దానికో పెద్ద ఉన్నాడు. కంపెనీలకు మనుషుల్ని సరఫరా చేస్తాడు, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుంటాడు. మొన్నటి దసరాకు హాల్లో బతుకమ్మ పెట్టారు. మేస్త్రీ గులాబీ రంగు అంగీ వేసుకుని, గొంతు సవరించుకుంటూ వచ్చాడు. సంఘం పెద్ద గుమ్మంలోనే ఆపాడు.

"ఏందే గీ అవతారం? ఒమానీలు వస్తున్నరు. పరువు తీస్తవా? పో, పార్కింగ్ సూసుకో పో."

మేస్త్రీ పార్కింగ్ చూసుకున్నాడు. లోపల స్పీకర్లలో పాటలు, బయట కార్ల మధ్య ఆయన పాట. కాసేపటికి డ్రైవర్లందరూ ఆయన చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టారు. మలయాళీలు, పాకిస్తానీలు, ఒక ఒమానీ పోలీసు కూడా. నేను లోపలికి పోలేదు. పెద్దమనుషుల మధ్య కుర్చీలో కూర్చోవాలంటే నాకు ఆ రోజు వెగటు పుట్టింది.

మేస్త్రీ పోయిన కబురు విన్న సాయంత్రం నేను క్యాంపుకు వెళ్లాను. రూమ్‌లో ఆయన మంచం మీద కొత్త సూట్‌కేసు తెరిచి ఉంది. దుప్పట్లు, పౌడర్ డబ్బాలు, ఖర్జూరం ప్యాకెట్లు, కవర్లు విప్పని తెల్ల అంగీలు సర్దుతున్నారు.

"ఆయన బట్టలేవి?" అన్నాను.

కార్పెంటర్ తల దించుకున్నాడు. "పడేసినం అన్నా. సంఘం పెద్దసార్ పడేయమన్నడు. ఇంటోళ్లు సూస్తే బాగుండదట."

మెస్ వెనక ఇనుప చెత్తడబ్బా ఉంది. నాకు చీదర ఎక్కువ. బస్సులో సీటు తుడుచుకోకుండా కూర్చోలేను. అలాంటివాణ్ని మోచేతుల దాకా చేతులు పెట్టాను. పాచిపోయిన అన్నం, చేపముళ్లు, టీ పిప్పి, వాటి కింద ఊదారంగు జరీ. కుచ్చుకు చారు అంటుకుని ఉంది. లాల్చీ మీద ఎవరో సిగరెట్ పీకలు దులిపారు. ఒక్కొక్కటే తీసి నడుముకు కట్టుకున్న తువ్వాలులో వేసుకున్నాను. వాంతి వచ్చింది, పక్కకు వెళ్లి కక్కి మళ్లీ వచ్చాను. ఆ కంపుకు కాదు. ఒక మనిషి ఏరి ఏరి తెచ్చుకున్న ముచ్చటను చేపముళ్లలో కలిపిన చేతులు మన చేతులే అయినందుకు.

షాపులో బకెట్ల నిండా సబ్బునీళ్లు పెట్టి ఉతికాను. పాచి వాసన పోయేదాకా ఉతికాను.

శవపేటిక, సూట్‌కేసు మస్కట్ నుంచి విమానంలో వెళ్లిపోయాయి. ఆ శుక్రవారం మెస్ హాల్లో సంతాప సభ. గుమ్మం దగ్గరే ఫ్లెక్సీ కట్టారు. చూసి ఆగిపోయాను. గులాబీ రేకుల మధ్య నల్లకోటు, ఎర్ర టై కట్టుకున్న ఒక మనిషి. నమస్కారం పెడుతున్న తెల్లటి మెత్తటి చేతులు. వేలికి ఉంగరం. పైన మాత్రం మా మేస్త్రీ తల, లేబర్ కార్డు ఫోటోలోంచి కత్తిరించి అతికించినది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. సుత్తి దెబ్బకు వంకరపోయిన ఆయన బొటనవేలు ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు.

సంఘం పెద్ద మైకు పట్టుకున్నాడు. "ఆయన నిరాడంబరుడు. ఎక్కడా ప్రత్యేకంగా కనపడాలనుకోలేదు" అన్నాడు. నిరాడంబరుడట! ఆడంబరం కోసం ఎండలో సంత బయట నిలబడ్డ మనిషిని! బతికుండగా పార్కింగ్‌లోకి తోసినవాడు, పోయాక కోటు తొడిగి లోపల నిలబెట్టాడు. స్పీకర్లో ఏదో ఏడుపు వాయిద్యం పెట్టారు, ఆ సీజన్‌కు సంబంధం లేనిది. అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించి బిర్యానీకి లేచారు.

నేను పెద్ద దగ్గరికి వెళ్లాను. "సార్, గా కోటు ఎవలది?"

"స్టూడియోలనే ఉంటది. మనం తల ఇస్తే సాలు. నీట్‌గ ఉన్నది గద. ఊళ్లె గూడ గిదే కట్టిస్తున్నం."

"ఆయన అంగీలు చెత్తల ఏయించినరట?"

ఆయన ముద్ద మింగి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "అరె, ఆలోచించు. పెట్టె తీసి ఆయన పెండ్లం గవి సూస్తే ఏమనుకుంటది? గల్ఫ్‌ల మొగడు పిచ్చోడైండనుకోదా? సచ్చినోని ఇజ్జత్ కాపాడినం మనం."

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. అంగీల మూట నా షాపులోనే ఉంది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు, మాట్లాడలేదు. పంపితే నిజంగానే ఆమె సిగ్గుపడితే? ఊరంతా నవ్వితే? అప్పుడు మేస్త్రీని రెండోసారి చెత్తలో వేసినట్టే. ఆయన అంగీలకు ఇంట్లో చోటుందో లేదో ఆమె ఒక్కతే చెప్పాలి. ధైర్యం చేసి కార్పెంటర్ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

"అమ్మా, నేను ఇబ్రాల టైలర్ని."

"నువ్వేనా అన్నా?" అంది. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "నీ ముచ్చట శాన సెప్పెటోడు. పెట్టె తీసినం అన్నా. అన్ని కొత్తయే. ఆయన తొడుక్కున్న బట్ట ఒక్కటి లేదు, ఆయన వాసన లేదు. ఊరి మొగదల బ్యానర్ కట్టిండ్రు. గా కోటాయన ఎవలో నాకు ఎర్క లేదు. దండ ఎయ్యమంటే ఎయ్యలే నేను."

"ఆయన అంగీలు నా తాన ఉన్నయమ్మా. కని జర... రంగురంగులయి. నలుగురు నవ్వుతరేమో."

"ఆయనవేనా?"

"ఆయనవే."

"మరి ఇంకేంది? పంపు."

ఫోన్ పెట్టేశాక మూట విప్పి ముఖం దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. చేపముళ్ల కంపుతో పాటు మేస్త్రీని కూడా కడిగేశాను. ఆమెకు కావలసిన ఒక్కటీ పోయింది. వాళ్లు చెత్తలో వేయకపోతే నేను ఉతికేవాణ్ని కాదు. అందుకే, ఎవరైనా నన్ను సంఘం మీటింగ్‌కు రమ్మంటే ఈ రోజుకీ నేను పోను. సెలవు మీద ఊరెళ్తున్న ఒక డ్రైవర్‌తో మూట పంపాను.

దినాలయ్యాక, నాట్ల ముమ్మరంలో, మేస్త్రీ ఊరి నుంచి తనకు వచ్చిన ఒక ఫోటో కార్పెంటర్ నాకు పంపాడు. మా దిక్కు నాట్లకు పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల అంగీ తొడుక్కుంటారు. ఫోటోలో ముసురు, మోకాలి లోతు నీళ్లు, వరసగా వంగిన ఆడవాళ్లు. అందరి ఒంటి మీదా వెలిసిపోయిన తెల్లవి, బూడిద రంగువి. నడుమ ఒకామె మాత్రం, మేస్త్రీ భార్యేనట, ఎర్రపూల అంగీలో ఉంది, నెమలిరంగు చేతులది. ఆ అంగీ గురించి మీకు చెప్పలేదు, కుట్టేటప్పుడు మేస్త్రీని చాలా తిట్టాను. ఆమె చేతిలో నారుకట్ట ఉంది. నోరు తెరిచి ఉంది, పక్కవాళ్ల నోళ్లూ తెరిచే ఉన్నాయి. నెమలిరంగు చేతులు రెండూ మోచేతుల దాకా బురదనీళ్లలో మునిగి ఉన్నాయి.