చెరుకుకు కాయలు కాయించిన సారు

మా ధనుంజయ్ సార్‌కు బొమ్మలు గీయడం రాదు. ఇందులో వింతేముంది, నాకూ రాదు. కానీ ఆయన ఉద్యోగమే బొమ్మలు గీయించడం!

బోధన్ బస్టాండ్ వెనక మాదొక చిన్న కేంద్రం. దిగులు పట్టినవాళ్లు, బెదిరినవాళ్లు, మాటా పలుకూ లేకుండా అయిపోయినవాళ్లు వస్తారు. మందులు డాక్టర్ గారు రాస్తారు. చేతికి కుంచె ఇచ్చి, మనసులోది కాగితం మీద పెట్టించడం సార్ పని. ఆ కాగితాలూ రంగులూ పెట్టే బీరువా తాళం మాత్రం నాది. నా పేరు సవిత. నాకు కోపం కొంచెం ఎక్కువ, ముందే చెబుతున్నాను.

సార్ వచ్చిన రోజే నెమలి గీశాడు.

"ఏంది సార్ ఇది?"

"నెమలి, మేడం."

"మరి కొమ్ములేంది?"

"కొమ్ములు గావు. పింఛం జర ముంగటికొచ్చింది."

పోనీలే, కొత్త అనుకున్నాను. మర్నాడు మోస్రా నుంచి నర్సింలు వచ్చాడు. రెండేళ్లు వరసగా పంట పోయి, మనిషి మొహం చూడటమే మానేసిన రైతు. సార్ అతని ముందు కూర్చుని చెరుకు గీశాడు. చెరుకుకు కొమ్మలు పెట్టాడు. అంతటితో ఆగాడా? కొమ్మలకు గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడదీశాడు! నర్సింలు ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఇక ఓర్వలేక సార్ చేతిలో పెన్సిల్ గుంజుకున్నాడు.

"ఏం సారూ, అన్నం దింటున్నవా, గడ్డి దింటున్నవా? సెరుకుకు కాయలు గాస్తయా?"

"కాయవా అన్నా? మరి ఎట్లుంటది?"

అంతే, గంటసేపు కణుపు కణుపూ గీసి చూపించాడు నర్సింలు. పోతూ పోతూ నాతో "గీ సారును ఎవలు వెట్టిండ్రమ్మా కొలువుల?" అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఇక అంజవ్వ సంగతి. నలభై ఏళ్లు పక్కపక్కనే కూర్చుని బీడీలు చేసిన రేణుకవ్వ చనిపోయిన నాటి నుంచి అంజవ్వకు మాట లేదు. నాలుగు నెలలు! కూతురు ధనలక్ష్మి రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఈ నెలలో మార్పు లేకపోతే హైదరాబాద్ పెద్దాసుపత్రిలో చేర్చాలన్నాడు డాక్టర్. "ఆడ ఒక్కతే ఉంటే మాయవ్వ బత్కది మేడం" అని ఆ పిల్ల నా ముందే ఏడ్చింది.

అట్లాంటి మనిషికి సార్ డ్రాయింగు కాగితాల దస్తా, కత్తెర ఇచ్చి బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఏముంది! అంజవ్వ నెలకు సరిపడే కాగితాలన్నీ తునికాకు కొలతకు కత్తిరించి, బీడీలు చుట్టి, దారంతో కట్టలు కట్టి పెట్టింది. నేను లబోదిబోమన్నాను. సార్ ఒక కాగితం బీడీ తీసి చెవి మీద పెట్టుకుని "మస్తు జేసినవ్ అవ్వా" అన్నాడు.

ఆ రోజే నిజామాబాద్‌లోని మా పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. "ఈయనకు బొమ్మలు రావు. వేరే మనిషిని పంపండి."

వారానికి, శివకుమార్ అనే ఆఫీసర్ ఆ రోజే విచారణకు వస్తున్నాడని ఫోను. సరిగ్గా అదే పొద్దున బాల్కొండ నుంచి సార్ వాళ్లమ్మ విమలమ్మ జొన్నరొట్టెల మూటతో దిగింది. నేను ఊరుకోలేక "అవ్వా, మీ కొడుకుకు బొమ్మలు రావని ఎరికేనా?" అన్నాను.

"రావా? మాదిక్కు దుకాణాల బోర్డులన్ని వాడు రాసినయే బిడ్డా! మా అత్తమ్మ సచ్చిపోతే ఫోటో లేదని మతికి జేసుకొని గీసిండు. సూసి, అత్తమ్మే ముంగట నిలవడ్డదని నేను నెత్తి మీద కొంగేసుకున్న!"

ఫోనులో ఆ బొమ్మ చూపించింది. నిజం చెబుతున్నాను, చూస్తే నాకే లేచి నిలబడాలనిపించింది. పరుగెత్తాను సార్ దగ్గరికి.

"గింత మంచిగ గీసుడు వచ్చి, గీ వేషాలేంది సార్?"

"చప్పుడు జెయ్యకుండ్రి మేడం. మంచిగ గీస్తే శబాష్ అని సూసుకుంట కూసుంటరు. సెడగొడ్తెనే ఒళ్లు మండి లేస్తరు."

"ఇయ్యాల ఒక్కనాడు మంచిగ గీయుండ్రి. లేకుంటే కొలువు వోతది!"

"అంజవ్వ ఈడ్నే కూసోని సూస్తుంటది గద మేడం" అన్నాడు మెల్లగా.

ఆఫీసర్ రానే వచ్చాడు. "ఏదీ, ఒక బొమ్మ వేయండి" అన్నాడు. సార్ సరిగ్గా అంజవ్వ ఎదురుగా బోర్డు పెట్టుకుని బీడీలు చేసే ఆడమనిషిని గీయసాగాడు. ఒళ్లో ఆకూ తంబాకూ పెట్టుకునే చాటను నెత్తి మీద పెట్టాడు. కత్తెర కాలి వేళ్లకు తగిలించాడు. బీడీని మూరెడు పొడుగు లాగాడు. నేను ఆఫీసర్ వెనక నిలబడి చేతులు జోడించాను, కళ్లు ఉరిమాను, లాభం లేదు. ఆఫీసర్ జేబులోంచి పెన్ను తీశాడు. నా ఉత్తరమే సార్ నోట్లో మట్టి కొట్టేట్టుంది.

"ఓ సారూ!"

అందరం ఉలిక్కిపడ్డాం. అంజవ్వ లేచి నిలబడింది.

"సాట నెత్తి మీద వెట్టుకుంటరా ఎవలన్న? గది బీడినా, రోకలా? గది తాగాల్నంటే నోరు సాలదు, దర్వాజ ఉండాలె! అవుతలికి జరుగు!"

కుంచె గుంజుకుంది. చాటను ఒళ్లోకి దించింది. పక్కనే ఇంకో ఆడమనిషిని, మోకాలికి మోకాలు తగిలేట్టు గీసింది. "గీమె నేను. గీమె రేణుకవ్వ. మా రేణుకవ్వ లొడలొడ మాట్లాడుతుండె, నన్ను మాట్లాడనియ్యకపోతుండె" అని మొదలుపెట్టి, నాలుగు నెలల మాటలూ ఒక్కసారే పోసింది. ధనలక్ష్మి ఏడుస్తూ నవ్వుతోంది. సార్ మాత్రం చేతులు కట్టుకుని "గట్లనా అవ్వా?" అంటున్నాడు.

ఆఫీసర్‌కు ఏమీ అర్థం కాలేదు. నా ఉత్తరం పట్టుకుని నా వైపు తిరిగాడు.

"మేడం, ఒక్క మాట ఖరారుగా చెప్పండి. ఈయనకు బొమ్మలు వస్తాయా, రావా?"

"రావు సార్" అన్నాను. "ఒక్కటంటే ఒక్కటి రాదు. బొమ్మలు వచ్చినోళ్లను మాత్రం మాకు పంపకుండ్రి."